మెంతులు మాడిన మధ్యాహ్నం

స్పృహ వచ్చాక నేను అడిగిన మొదటి మాట, "వీడియో సేవ్ అయిందా?" మా ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పి నవ్విస్తుంటాడు. చెప్పనీ. సిగ్గుపడాల్సిన మాటే.

ఆ రోజు మద్రాసు వాషర్‌మెన్‌పేటలో మా వంటింట్లో, నా వంటల పేజీ కోసం స్టాండుకు ఫోను బిగించి, సాంబారు పొడికి ధనియాలు వేయించడం చూపిస్తున్నాను. బాణలి సరిగ్గా కనపడటం లేదని స్టూలెక్కి ఫోను సర్దబోయి వెనక్కి పడ్డాను. తల గ్రైండరు అంచుకు కొట్టుకుంది. పైకి నాలుగు కుట్లే, కానీ లోపల మెదడు అదిరిందని చెప్పింది డాక్టరమ్మ. నెల రోజులు ఫోను ముట్టుకోవద్దంది.

ఇంటికొచ్చిన మర్నాడు మా అత్త కాఫీ ఇచ్చింది. వేడిగా ఉంది, తియ్యగా ఉంది, అంతే.

"అత్తా, పొడి వెయ్యడం మరిచిపోయినావా?" అన్నాను.

ఆమె గ్లాసు లాక్కుని వాసన చూసింది. తర్వాత నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు కూడా అంది డాక్టరమ్మ. ఇంకొకరైతే పోతే పోయిందిలే అనుకుందురేమో. మా ఇంట్లో అందరం తినే కూడు సాంబారు పొడి అమ్మితే వచ్చేది. ధనియాలు ఎప్పుడు దించాలో గడియారం చెప్పదు, రంగు చెప్పదు. ముక్కే చెప్పాలి. వయసు మీద పడ్డాక అత్తకు సన్నటి తేడాలు అందడం మానేశాయి. పదిహేనేళ్లుగా ఈ ఇంటికి ముక్కంటే నాదే.

బుద్ధి ఉన్నదాన్నయితే పడుకునేదాన్ని. మూడు వారాలకే చేతులు దురద పెట్టాయి. అందరూ నన్ను మరిచిపోతారేమోనని భయం. అత్త మార్కెట్టుకు పోయిన పూట దొంగతనంగా రసం వీడియో తీసి పెట్టాను. గరిటెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసి, "అబ్బ!" అన్నాను. నాకు ఉప్పూ పులుపూ తప్ప ఏమీ తెలియలేదు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఫోను వెలుతురుకి తల పగిలిపోతున్నా, కింద వచ్చే మాటలు ఒక్కొక్కటీ చదువుకున్నాను. "ఘుమఘుమలు ఇక్కడిదాకా వస్తున్నాయక్కా!" అని రాసింది ఒకామె. మురిసిపోయాను.

మధ్యాహ్నం అత్త ఒక్క ముద్ద తిని ఆగిపోయింది.

"ఎంత పెరుంగాయం కొట్టినావే? నోట పెట్టేదానికి లేదు."

ఇంగువ రెండుసార్లు వేశానో, మూడుసార్లు వేశానో నాకే తెలియదు. ఒప్పుకోబుద్ధి కాలేదు. "అందరూ బాగుందంటా ఉండారు, చూడత్తా," అని ఫోను చూపించాను.

"వాళ్లకు ఆడికి వాసన పోయిందా? ఈడ నీకే తెలీకుండా ఉండాది, ఆడ ఎవురో బాగుందంటే చాలునా నీకు?"

కంచం ముందు నుంచి లేచిపోయాను. సాయంత్రానికి కోపం దిగింది గానీ ఆ మాట దిగలేదు. నా పేజీలో నేను చెప్పిన "అబ్బ" పచ్చి అబద్ధం. డాక్టరమ్మ మాట వినని దాన్ని, ఆ రోజు ఫోను తీసి మా తోడికోడలి చేతిలో పెట్టాను. నేను అడిగినా ఇవ్వద్దన్నాను.

మొదటి వారం చెయ్యి ఊరికే నడుం దగ్గర తడుముకునేది. పిచ్చెక్కినట్టుండేది. తర్వాత తలనొప్పి కొంచెం కొంచెంగా తగ్గింది.

తెలిసిన వాసనలు రోజూ చూపించమని డాక్టరమ్మ చెప్పిందని, పొద్దునా సాయంత్రం అత్త నా కళ్లు మూయించి నాలుగు డబ్బాలు ముక్కు దగ్గర పెట్టేది. ఇంగువ, మెంతులు, కరివేపాకు, కాఫీ పొడి.

"ఏందిది?"

"తెలీలా అత్తా."

"సరి, ఇంకోటి చూడు."

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ నెలల్లో మాత్రం నన్ను ఒక్కసారీ కసురుకోలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. ఇటు అత్త వేయించిన పొడి పచ్చివాసన వస్తోందని పాత వాడుకవాళ్లు ఇద్దరు పొట్లాలు తిరిగి పంపారు. ఇంక నా వల్ల కాదేమో అని మిద్దెమీద ఒక్కదాన్నే ఏడ్చాను.

నాలుగో నెలలో, అదే మిద్దెమీద, సౌకార్‌పేట నుంచి తెచ్చిన మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఏదో చేదుగా గొంతు వెనక తగిలింది. చేతులు ఆగిపోయాయి. మళ్లీ పీల్చాను. ఉంది! చెప్పుల్లేకుండా మెట్లు దిగి పరిగెత్తాను.

"అత్తా! మెంతులు మాడతా ఉండాయి!"

ఆమె స్టవ్ మీద మెంతులు వదిలేసి, వాకిట్లో కూరలబండి అతనితో బేరమాడుతోంది. నా కేక విని లోపలికొచ్చి, నల్లగా బొగ్గయిన బాణలిని చూసింది. "అయ్యయ్యో" అనబోయి ఆగింది.

"నువ్వు మిద్దెమీద కదా ఉన్నింది?"

"అవును."

"నీకెట్ట తెలిసింది?"

నేను నా ముక్కు తట్టి చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పొగలో దగ్గుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ఇద్దరం అక్కడే కూలబడ్డాం. తర్వాత నేను వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా మూతా తీసి ముక్కు పెట్టాను. సగం డబ్బాలు ఇంకా మూగగానే ఉన్నాయి. అయినా ఆ రోజు నాకంటే భాగ్యవంతురాలు మద్రాసులో లేదు.

మిగతావి కూడా ఒక్కొక్కటే వచ్చాయి. ధనియాలు అన్నిటికన్నా ఆఖరున వచ్చాయి.

మళ్లీ పెద్ద బాణలి పెట్టిన రోజు మా తోడికోడలు ఫోను తెచ్చింది. "అక్కా, అందరూ అడగతా ఉండారు. వీడియో తీసేదా?"

"ఫోనులో వాసన రాదు, వద్దులే," అన్నాను. ఆ రసం వీడియో ఒక్కటి మాత్రం పేజీలోంచి తీసేయమన్నాను.

అత్త ధనియాలు కలుపుతోంది. గరిటె ఆపి నా వైపు తిరిగింది.

"చాలునా?"

నేను పడక ముందు రోజూ అడిగే ఆ మాట, ఇన్ని నెలల తర్వాత మళ్లీ అడిగింది. కళ్లు మూసుకుని పీల్చాను.

"ఇంకొంచెం," అన్నాను. ఆమె మారు మాట లేకుండా కలిపింది. "ఇంక దించు అత్తా."

దించింది.