బావ కంప్రెషరు, నా పగ

మా బావ కంప్రెషరు ఎందుకు ఆగిపోతోందో అక్క ఫోన్లో చెప్పిన రెండో నిమిషానికే నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. మూడు వారాలు చెప్పలేదు. ఆ మూడు వారాలూ ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

బావ అంటే అక్క భర్త. రైల్వేలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేరేడ్‌మెట్‌లో సొంత ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, పాత స్కూటర్లు బాగుచేసి రంగు కొడుతుంటాడు. వ్యాపారం కాదు, సరదా. రంగు కొట్టే గన్నుకు గాలి కావాలి కాబట్టి రాణిగంజ్ వెళ్లి సెకండ్‌హ్యాండ్ కంప్రెషరు ఒకటి తెచ్చాడు. దాని మోటారు త్రీఫేజ్‌ది, ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. మధ్యలో డ్రైవ్ అనే డబ్బా పెడితే అది ఇంటి కరెంటును త్రీఫేజ్‌గా మార్చి ఇస్తుంది. మోటారును నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతుంది. పక్కింటివాళ్లు చప్పుడని గొడవ చేస్తే వేగం తగ్గించుకోవచ్చు కూడా. మంచి ఆలోచనే. ఆయనకు పని రాదని నేనెప్పుడూ అనలేదు.

అక్క చెప్పింది ఇది. స్విచ్ వేస్తే మోటారు చక్కగా తిరుగుతుంది, ట్యాంకు నిండుతుంది, దానంతటదే ఆగుతుంది. కాసేపు రంగు కొడితే గాలి తగ్గి మళ్లీ మొదలవ్వాలి కదా, అప్పుడు మాత్రం టక్కుమని చప్పుడు, డబ్బా మీద ఓసీ అని రెండు అక్షరాలు, అంతే. మెయిన్ ఆపి మళ్లీ వేస్తే గానీ కదలదు. ఈలోగా సగం కొట్టిన రంగు ఆరిపోయి గరుకు తేలుతుంది. బావ వాళ్ల అన్న పాత స్కూటరు మూడుసార్లు గీకి మూడుసార్లు మొదటికి వచ్చింది. డ్రైవ్ అమ్మినవాడు మోటారు కాలిందన్నాడు. రాంగోపాల్‌పేట్‌లో మోటార్లకు చుట్లు చుట్టేవాడు మోటారు బ్రహ్మాండంగా ఉందని, డబ్బానే బేకారని అన్నాడు. అమ్మినవాడు డబ్బా మార్చి ఇచ్చాడు. కొత్త డబ్బా కూడా ఓసీ అనే అంది.

"ఒకసారి వచ్చి చూస్తవా చెల్లె? ఆయన అన్నం సుత సక్కగ తింటలేడు" అంది అక్క. ఆయనే పిలవమన్నాడా అని అడిగాను. లేదు, ఆయనకు తెలియకుండానే చేస్తున్నానంది. అయితే బోనాలకు వస్తానన్నాను. అన్ని రోజులెందుకు, రేపు రారాదా అంది. పనులున్నాయన్నాను. నాకు ఏ పనీ లేదు.

లష్కర్ బోనాల పండగకు బావ వైపు వాళ్లు, మా వైపు వాళ్లు అందరూ ఆ ఇంట్లోనే తింటారు. నాకు ఆ అందరూ కావాలి. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆ ఇంటి గృహప్రవేశానికి వచ్చినవాళ్లు కూడా వాళ్లే.

అప్పుడు నేను ఎలక్ట్రికల్ డిప్లొమా పాసై నాలుగు నెలలు. బొల్లారం అవతల మోటార్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో టెస్టింగు పని దొరికింది, వచ్చే నెల చేరాలి. ఆడపిల్ల ఫ్యాక్టరీలో పని చేయడమేమిటని నాన్న గునుస్తూనే ఒప్పుకున్నారు. గృహప్రవేశానికి షామియానా లైట్లూ ఫ్యాన్లూ నేనే పెడతానని ముచ్చటపడ్డాను. ఒక్కో జాయింటూ చూసుకుని టేపు చుట్టి, ఫ్యూజులో వేయాల్సిన సన్న తీగే వేశాను. మధ్యాహ్నం జనం భోజనాలకు కూర్చుంటుండగా వైరు అంటుకుంది. షామియానా ఒక పక్క మొత్తం కాలిపోయింది. దేవుడి దయవల్ల మనుషులకేమీ కాలేదు. మంట ఆరాక నేను పరుగెత్తుకెళ్లి చూసింది ఫ్యూజు. అందులో నా సన్న తీగ లేదు. నాలుగు పోగులు మెలిపెట్టిన లావాటి రాగి తీగ ఉంది. వంటవాళ్లు గ్రైండరు వేసినప్పుడల్లా ఫ్యూజు పోతోందని ఎవరో అది కట్టారు. అంత లావు తీగ కడితే ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది. ఆ ఇంట్లో ఫ్యూజు విప్పడం తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ బావా.

నేను నోరు తెరిచేలోపే బావ అందరూ వినేలా అన్నాడు. "చదువుకున్న పిల్ల గదా అని చెయ్యనిస్తే గిట్లయింది." నేను రాగి తీగ చూపించాను. తప్పు చేసి పైగా సాకులు చెబుతోందన్నారు. నాన్న నా చేతిలోని ఫ్యూజు లాక్కుని గోడ అవతల పారేశారు. ఫ్యాక్టరీ మాట మళ్లీ ఎత్తొద్దన్నారు. నేను పరీక్షలు రాసి బ్యాంకులో గుమాస్తానయ్యాను.

ఆ తర్వాత ఎవరి పెళ్లిలో లైటు ఆరిపోయినా "ఆమెను పిలవకుండ్రి, ఇల్లు కాలుతది" అని ఒకరు అనడం, అందరూ నవ్వడం, నేనూ నవ్వడం. అలా నవ్వినందుకు నామీద నాకే ఎక్కువ మంట. నాన్న చివరి రెండేళ్లు నా దగ్గరే ఉన్నారు. అప్పటికే నేను బ్యాంకు వదిలేసి, పిండి గిర్నీలవాళ్లూ లిఫ్టులవాళ్లూ తెచ్చిచ్చే డ్రైవ్‌లు ముందు గదిలో పెట్టుకుని బాగుచేస్తున్నాను. అదంతా ఆయన మంచం మీద నుంచి చూస్తూనే ఉండేవారు. ఒకరోజు ఆయన గదిలో ఫ్యాను ఆగిపోతే విప్పబోయాను. "నువ్వు ముట్టకు బిడ్డా, మెకానిక్‌ను పిలువు" అన్నారు. నేను మెకానిక్‌ను పిలిచాను.

అందుకే బోనాల దాకా ఆగాను. ఆ రాగి తీగ తనదేనని బావ నోటితో, ఆ చుట్టాల ముందు, చెప్పించాలి. నాకు కావలసింది అంతకన్నా ఏమీ లేదు.

ఆ రోజు మటన్ బాగుంది. కడుపునిండా తిని, చేయి కడుక్కుని, బావా కంప్రెషరు చూద్దామా అన్నాను. ఆయన మా అక్క వైపు గుర్రుగా చూశాడు. అందరి ముందు వద్దనలేకపోయాడు. స్కూటరు తనదే కాబట్టి వాళ్లన్న ముందుగా లేచాడు, ఆయన వెనక పది పన్నెండు మంది షెడ్డులోకి వచ్చారు. పిల్లలు గోడెక్కి కూర్చున్నారు.

పది నిమిషాల పనిని ముప్పావుగంట చేశాను. మీటరు పెట్టి మోటారు చుట్లు కొలిచాను, అక్కర్లేదు. డబ్బా విప్పి లోపల టార్చి వేసి చూశాను, అదీ అక్కర్లేదు. ఒక్కొక్కటి చూసి "ఇది బాగుంది" అని పైకే చెప్పాను. డబ్బా తప్పు లేదు, మోటారు తప్పు లేదు అని అందరికీ ఎక్కాక, ట్యాంకు మీదున్న ప్రెషర్ స్విచ్చు మూత తీశాను. గాలి నిండితే ఆపేది, తగ్గితే కలిపేది అదే. డబ్బా నుంచి మోటారుకు పోయే మూడు లావు వైర్లూ దానిలోంచే పోతున్నాయి.

"ఈ వైరింగ్ ఎవరు చేసిన్రు బావ?"

"నేనే. ఇంకెవరు చేస్తరు?"

ఆయన అంతటితో ఆగలేదు. మోటారుకు పోయే అసలు కరెంటునే తెంపాలని, సన్న వైర్లను నమ్ముకుంటే కొంపలు మునుగుతాయని, సర్వీసంతా ఇలాగే చేశానని అందరికీ వివరంగా చెప్పాడు. నేను మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా చెప్పనిచ్చాను.

ఆయన చెప్పింది పాత మోటార్లకు అక్షరాలా నిజం. పని కూడా ఎంత శుభ్రంగా చేశాడంటే ఒక్క పోగు బయటికి లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య స్విచ్చు ఉండకూడదు. స్విచ్చు తెంపగానే మోటారు ఆగిపోతుంది, డబ్బాకు మాత్రం ఆ సంగతి తెలియదు. అది పూర్తి వేగానికి కావలసిన కరెంటు ఇవ్వడానికి తయారుగానే ఉంటుంది. స్విచ్చు మళ్లీ కలవగానే ఆగి ఉన్న మోటారు ఒక్కసారిగా బోలెడంత కరెంటు లాగుతుంది. హద్దు దాటిందని డబ్బా ఓసీ, అంటే ఓవర్ కరెంట్, అని చూపించి ఆగిపోతుంది. మెయిన్ ఆపి వేస్తే మళ్లీ నెమ్మదిగా మొదలవుతుంది కాబట్టి అప్పుడు నడుస్తుంది. ఇదంతా నేను ఆరో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. పొడుస్తూ చెప్పాను. బావ చెవులు ఎర్రబడ్డాయి, చూసి నా కడుపు చల్లబడింది.

మెయిన్ ఆపి, డబ్బాలో మిగిలిన కరెంటు దిగిపోయేదాకా ఆగి, మూడు లావు వైర్లనూ నేరుగా మోటారుకు కలిపాను. ప్రెషర్ స్విచ్చు నుంచి రెండు సన్న వైర్లు మాత్రం డబ్బాకు ఇచ్చాను. మొదలుపెట్టు, ఆపు అనే మాటే ఆ వైర్లలో పోతుంది, మిగతా పని డబ్బా చూసుకుంటుంది. ఆ ప్రకారం డబ్బాలో సెట్టింగులు మార్చి స్విచ్ వేశాను. ట్యాంకు నిండింది, మోటారు ఆగింది. వాళ్లన్న గన్ను నొక్కి గాలి వదిలాడు. టక్కుమంది. మోటారు చిన్నగా మూలిగి, కదిలి, మెల్లమెల్లగా వేగం అందుకుంది. మూడుసార్లు వదిలించాను, మూడుసార్లూ అంతే. ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఇంకొకటి అడుగుత బావ," అన్నాను. "ఈ ఇంటి గృహప్రవేశం నాడు ఫ్యూజుల రాగి తీగ ఎవరు కట్టిన్రు?"

ఆయన అబద్ధమాడతాడని నా నమ్మకం. ఆడితే ఏమనాలో మూడు వారాలుగా అనుకుంటూ వచ్చాను. ఆయన ట్యాంకు మీద చేయి పెట్టుకున్నాడు.

"నేనే కట్టిన" అన్నాడు. "ఆ సాయంత్రమే మీ నాయినకు చెప్తనని బయలెల్లిన సుత. మీ అక్కనే దర్వాజల అడ్డం నిలబడ్డది."

అక్క షెడ్డు గుమ్మంలో తమలపాకుల పళ్లెం పట్టుకుని ఉంది. కాదని అంటుందని చూశాను. అనాలని ఎంతగా కోరుకున్నానో అప్పుడే నాకూ తెలిసింది.

"ఆయన ఫ్యూజు కడుతుంటే స్టూలు పట్టుకున్నది నేనే" అంది అక్క. "అల్లుడు గదా, పది మందిల ఆయన ఇజ్జత్ పోతదనుకున్న. నీకేం పోతది, చిన్నపిల్లవు, రెండు రోజులు నవ్వి మర్చిపోతరనుకున్న."

నాన్న మంచంలో ఉన్న రెండేళ్లూ అక్క ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. ఆయన పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలిచి నోట్లో పెట్టేది. అన్ని ఆదివారాలు. ఆ పక్క గదిలోనే నేను డ్రైవ్‌లు విప్పుకుంటూ కూర్చునేదాన్ని.

"నాయినకు సుత చెప్పబుద్ధి కాలేదా అక్క?" అని అడిగాను.

అప్పటికే చాలా ఆలస్యమైపోయిందనుకున్నానంది. పళ్లెం కింద పెట్టి నా చేయి పట్టుకోబోయింది. నేను సామాను సర్దుకున్నాను. ఒక మనిషి మీద ఇరవై ఎనిమిదేళ్లు కూడబెట్టుకున్న కసిని ఆ మనిషి తల దించుకుని ఒక్క మాటతో తీర్చేశాడు. ఆమె మీద మాత్రం అది అప్పుడే పుట్టింది, ఇంకా లేతగా ఉంది.

ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరి ఇంట్లో కరెంటు పోయినా నన్నే పిలుస్తున్నారు. బావే అందరికీ చెబుతున్నాడట, తీగ తాను కట్టిందేనని, పిల్లను అన్యాయంగా అన్నానని. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాడట. డ్రైవ్‌లో ఏదైనా మార్చాలంటే ముందు నాకు ఫోన్ చేస్తాడు. నేను ఓపికగా చెబుతాను.

మొన్న అలాగే చేశాడు. పక్కింటివాళ్ల పిల్లకు పరీక్షలట, చప్పుడు తగ్గాలంటే వేగం ఎంత పెట్టాలని అడిగాడు. చెబుతుండగా మధ్యలో ఫోన్ చేతులు మారింది. "చెల్లె, నేను" అని వినిపించింది. పెట్టేశాను. ఐదు నిమిషాలకు బావ మళ్లీ చేశాడు. ఎత్తి, ఎక్కడ ఆగామో అక్కడి నుంచి చెప్పాను. ఆమె పక్కనే కూర్చుని వింటోందని నాకు తెలుసు. అందుకే ఇంకాస్త సేపు మాట్లాడాను.