ఇత్తడి లైటర్ చప్పుడు

ఆ మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం బస్టాపులో గాలి విపరీతంగా వీస్తోంది. సిగరెట్ వెలిగిద్దామని నా ప్లాస్టిక్ లైటర్ ఎంత నొక్కినా మంట వచ్చినట్టే వచ్చి ఆరిపోతోంది. లోపల గ్యాస్ మాత్రం నిండుగా కనబడుతూనే ఉంది.

బెంచీ మీద నా పక్కన కూర్చున్న పెద్దావిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక ఇత్తడి లైటర్ తీసి నాకు అందించింది.

"దీంతో వెలిగించుకోండి. మావారిదండీ. ఆయన పోయి చాలా కాలమైంది."

అరచేతిలో అది బరువుగా ఉంది. మూత తీసి చక్రం తిప్పాను. వత్తి చుట్టూ చిల్లుల రేకు ఉంది. మంట గాలికి వంగింది కానీ ఆరలేదు.

"వరదలో భవానీపురంలోని మా ఇల్లు మునిగిపోయిందండీ. ఫొటోలన్నీ పోయాయి. ఇదొక్కటి బురదలో దొరికింది. లోపలి దూది, వత్తి, చెకుముకి రాయి మార్పించి పెట్రోలు పోయిస్తే, మొదటిసారికే వెలిగింది."

నా లైటరైతే గ్యాస్ అయిపోగానే పారేయడమే. సిగరెట్ సంగతి మర్చిపోయి ఆ మంటనే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి మూత మూసి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

"ఇంకోసారి తెరవండి. ఆయన ఇంటికొచ్చారని ఈ చప్పుడుతోనే తెలిసేది నాకు. నా వేళ్లలో బలం లేదు, నేను తీస్తే అలా మోగదు."

బొటనవేలితో మూత ఎగరేశాను. ఖంగుమంది. ఆవిడ కళ్లు మూసుకుంది.

బస్సు వచ్చి ఆగింది. మేమిద్దరం ఎక్కాల్సిన బస్సే. ఆవిడ కళ్లు తెరవలేదు. నేను మళ్లీ మూత ఎగరేశాను.