ఎండ్రకాయల రసంలో సూది

మా శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు గత సోమవారం హిందూపురంలో కాలధర్మం చెందారని తెలియజేయడానికి విచారిస్తున్నాను. పెనుకొండ కార్యాలయంలో తొమ్మిదేళ్లు ఆయన కింద గుమాస్తాగా పనిచేసిన అర్హతతో ఈ నాలుగు మాటలు దాఖలు చేస్తున్నాను.

కళాయి లేని ఇత్తడి పాత్ర కనబడితే ఆయన ఆ హోటలులో మంచినీళ్లయినా ముట్టేవారు కారు. "లోహానికి నోరు లేదప్పా, మన కడుపులో చేరినాకనే మాట్లాడుతుంది" అనేవారు.

ధర్మవరంలో ఒక అద్దకపు కొట్టువారు రాగి విషమైన మైలుతుత్తం కలిసిన నీళ్లు వంకలోకి వదులుతున్నారనీ, ఆ వంకలో ఎండ్రకాయలు పట్టి తిన్నవారికి వాంతులవుతున్నాయనీ, వాటి అమ్మకం ఆపడానికి అనుమతి కావాలనీ ఆయన ఒక నివేదిక రాసి నాకిచ్చారు. పైకి పంపవలసిన ఫారంలో పాలు, నెయ్యి, నూనె, మాంసం, చేపలకు మాత్రమే గడులున్నాయి. ఎండ్రకాయ మాంసమా, చేపా అని తేల్చే బాధ్యత నాపై పడింది. దానిని మూడు రోజులు శ్రద్ధగా నిర్వర్తించాను. నివేదిక నా బల్ల మీదే ఉంది.

నాలుగో రోజు ఆయన నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం రైలెక్కారు. వంక పక్కనే ఒక నేతగాడి ఇల్లు. ఇంటావిడ దగ్గుతున్న ఆరేళ్ల కూతురి కోసం ఎండ్రకాయల రసం కాస్తోంది. కుండ మట్టిది గనుక పాత్ర మీద నింద వేసే వీలు లేదు. ఆయన ఒక కొత్త సూది అడిగి తీసుకుని, దారం కట్టి, పులుపు వేసి మరుగుతున్న ఆ రసంలోకి దించారు. రాగి ఉంటే ఉక్కుకు ఎర్రపూత పడుతుందట.

పావుగంట గడిచింది. సూది తెల్లగానే ఉంది.

"ఏం సామీ, సూదికి గూడా దగ్గు పట్టిండాదా? బిడ్డ ఆకలంటాండాది."

"ఇంగో పది నిమిషాలు తల్లీ."

"మా అవ్వ కాలం నుంచి తాగుతాండాం. ఎవురూ సావల్యా."

"మీ అవ్వ కాలంలో ఆ కొట్టు యాడుండెనమ్మా?"

ఆమె గరిటె అందుకుంది. ఆపే అధికారం ఆయనకు లేదు. ఆ అధికారం అడిగే కాగితం నా బల్ల మీద ఉంది. ఆయన కుండ మూతిపై అరచెయ్యి అడ్డం పెట్టారు. ఆవిరికి ముఖం వంకర పోయింది కానీ చెయ్యి తియ్యలేదు. చివరికి దారం పైకి లాగారు. మొన నుంచి బెజ్జం దాకా సూది ఎర్రబడి ఉంది.

ఆమె కుండను వాకిట్లో బోర్లించింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మూడు దినాల నుంచి ఇదే పోస్తి సామీ. లోపలికి పోయిండేదానికి ఏం జేయల్ల?"

ఆ మూడు రోజులు ఎవరి బల్ల మీద గడిచాయో ఆయనకు తెలుసు. నా వైపు చూడలేదు. "డాక్టరును పిల్చకరాపో అప్పా" అని నన్ను పంపి, పాప పక్కన నేల మీద కూర్చున్నారు.

పాప తేరుకోవడానికి అయిదు రోజులు పట్టింది. ఫారం సంగతి ఆయన నన్ను మళ్లీ అడగలేదు. ఆ రోజు నేను డాక్టరుతో తిరిగి వచ్చేసరికి పెనుకొండ బండి వెళ్లిపోయింది. ఆయన బొబ్బలెక్కిన అరచేతిని మోకాలిపై వెల్లకిలా పెట్టుకుని, రెండో చేత్తో పాపకు విసురుతూ, ఆ చిన్న ఛాతీ లేచి పడటాన్నే రెప్ప వేయకుండా చూస్తున్నారు.