గురువారం పుట్టిల్లు

నాకు ఆరా ఎక్కువ. నన్ను పెంచిన మేనత్త, "దీనికి ఎవరింటి పొయ్యి మీద ఏటి ఉడుకుతోందో తెలిస్తేగాని అన్నం సయించదు" అని తిట్టేది. తెలిస్తే తప్పేమిటని నేను ఎదురడిగేదాన్ని. ఈ వయసులోనూ వీధిలో రిక్షా ఆగిందంటే కిటికీ దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను.

అలాంటిదాన్ని పెళ్ళి చేసి విజయనగరం దగ్గర్నుంచి రాయపూర్ రైల్వే క్వార్టర్లకు పంపించారు. స్వతంత్రం వచ్చిన కొత్త రోజులవి. మా ఆయన పార్సిలాఫీసులో గుమాస్తా. మా వరసలో అన్నీ తెలుగువాళ్ళ ఇళ్ళే, కాని లోకో షెడ్డు దాటితే తెలుగు మాట వినబడేది కాదు. కూరలమ్మిని ధర అడగడానికి కూడా నేను హిందీ ముక్కలు వెతుక్కోవాలి. ఆరా తీసే మనిషికి భాష రాకపోవడం కంటే పెద్ద శిక్ష ఉంటుందా చెప్పండి!

వచ్చిన మొదటి వారమే ఒకటి కనిపెట్టాను. గురువారం మధ్యాహ్నం, మగవాళ్ళు తిని డ్యూటీకి వెళ్ళగానే, ఆడవాళ్ళంతా కొంగు కింద ఏదో పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ హాలు వైపు నడుస్తున్నారు. మిగతా రోజుల్లో అది మగవాళ్ళు పేకాడుకునే చోటు. పక్కింటి గార్డుగారి భార్యను గోడ మీంచి పిలిచాను.

"అక్కా, ఎక్కడికి?"

"గురువారానికి."

"గురువారానికి వెళ్ళడమేటి? అదే వొచ్చింది కదా!"

ఆవిడ పడీ పడీ నవ్వింది. "నీ నోరు సల్లగుండా! దోసెడు బియ్యం పట్టుకుని నువ్వూ రా, బేగి."

తలుపు మీద మహిళా సేవా సంఘం అని రాసి ఉండేది కాని ఆ మాట ఎవరి నోటా వినలేదు. అందరికీ అది 'గురువారం'. ప్రతి ఇంట్లో రోజూ ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం తీసి ముంతలో వేస్తారు. ఆ ముంతలన్నీ గురువారం నాడు హాల్లో పరిచిన దుప్పటి మీద ఒలకబోస్తారు. సన్నబియ్యం, దుడ్డుబియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసి ఒక కుప్ప. అది కాలు తెగిన ఖలాసీ ఇంటికో, ఆస్పత్రిలో పడి ఉన్నవాళ్ళ పిల్లలకో వెళ్తుంది. స్టేషను మాస్టరుగారి భార్య ప్రెసిడెంటు. గోదావరి మనిషి, కళ్ళజోడు పెట్టుకునేది. గోల ఎక్కువైతే గార్డుల ఈల ఒకటి తీసి ఊదేది. కిటికీ పక్కనుంచి గూడ్సు పోతుంటే అందరూ నోళ్ళు మూసేవారు, ఆఖరి పెట్టె దాటగానే మాట ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కణ్ణుంచి మొదలుపెట్టేవారు. ఆ విద్య నాకు రావడానికి చాలాకాలం పట్టింది.

అన్నీ అయ్యాక చివర్న ఒక్కోసారి ప్రెసిడెంటుగారు, "ఇంటి మాట ఉంది" అనేది. అప్పుడు ఒక పిల్ల లేచి, బియ్యం కుప్ప చాటలోకి ఎత్తుకుని, వరండాలోకి వెళ్ళి రాళ్ళు ఏరుతూ కూర్చునేది. లోపల తలుపు వేసేవారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం ఆగలేదు. "ఏం చేసింది? ఎందుకు పంపేశారు?" అని గార్డుగారి భార్య చెవి కొరికేశాను.

"నీళ్ళోసుకుంది. పుట్టిల్లు లేదు" అంది ఆవిడ.

సంగతి ఇది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కదా. ఆ పిల్లకి తల్లి లేకపోయినా, ఊరు మరీ దూరమైనా, అక్కడ చేసే దిక్కు లేకపోయినా, గురువారమే ఒక పుట్టిల్లు ఇస్తుంది. "ఎవరు?" అని ప్రెసిడెంటుగారు అడుగుతుంది. ఎవరో ఒకరు లేస్తారు. లేచినావిడ పసుపు కుంకుమ పట్టుకుని వరండాలోకి వెళ్ళి, "పదవే అమ్మా ఇంటికి" అంటుంది. అంతే, ఆ క్షణం నుంచి తల్లి. సీమంతం, పురుడు, బారసాల, తిరిగి వెళ్ళేటప్పుడు సారె, అన్నీ ఆ ఇంటివే. కులాలు అస్సలు చూడలేదని అబద్ధం చెప్పను. ముందు కాస్త చూసేవారు, కుదరకపోతే చూడ్డం మానేసేవారు.

ఆ రోజు గార్డుగారి భార్యే లేచింది. వరండాలో ఉన్నది ఒక ఫైర్‌మన్ భార్య. ఆ ఫైర్‌మన్‌కీ గార్డుగారికీ డ్యూటీలో ఏదో పేచీ వచ్చి మొహాలు చూసుకోవడం లేదు. ఇంకేముంది, మామా అల్లుళ్ళయిపోయారు! ఆ పిల్ల ట్రంకుపెట్టెతో రిక్షా ఎక్కి, మొగుడి కాళ్ళకి దణ్ణం పెట్టి, భోరుమని ఏడ్చి, వెనకవీధిలో దిగింది. ఆదివారం గార్డుగారు కొత్త పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడి, పళ్ళ బిగువున "రండి అల్లుడుగారూ" అంటుంటే గోడవతల నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పనసపొట్టు కూర రెండోసారి వడ్డించేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం వినిపించింది.

హాల్లో గుమ్మం పక్కన ఎప్పుడూ ఒకావిడ కూర్చునేది. డ్రైవరుగారి భార్య, శ్రీకాకుళం మనిషి. బియ్యం తెచ్చేది, పని చెప్తే చేసేది, మాట మాత్రం లేదు. "ఎవరు?" అన్నప్పుడల్లా ఆవిడ చెయ్యి నేలకి ఆనేది, లేవబోయేవాళ్ళలా. మళ్ళీ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకునేది. నా కంట పడ్డాక ఇంక ఊరుకుంటానా? ఎవర్నడిగినా "ఆవిడ సంగతి నీకెందుకు" అనేవారు. చివరికి గార్డుగారి భార్యే ఒకనాడు పప్పు విసురుతూ చెప్పింది. నేను రావడానికి ముందటేడు డ్రైవరుగారింటికి ఒక పిల్ల పుట్టిల్లని వెళ్ళిందట. తల్లీ బిడ్డా ఇద్దరూ ఆ ఇంట్లోనే పోయారట. అప్పట్నుంచి ఆవిడ లేవలేదు, లెమ్మని ఎవరూ అనలేదు.

అది విన్న రోజు నేను అన్నం తినలేదు. మా అమ్మ కూడా నన్ను కంటూనే పోయింది మరి. అమ్మ ఎలా ఉండేదని అడిగితే మేనత్త, "నీలాగే" అని ఊరుకునేది. నేను ఆరా తీసి పట్టుకోలేకపోయిన సంగతి నా బతుకులో అదొక్కటే. మేనత్త కూడా నా పెళ్ళయిన ఏడాదికే పోయింది. అప్పటికి నాకు నెల తప్పింది. నాకూ కాన్పు మా అమ్మకి అయినట్టే అవుతుందని నా నమ్మకం. ఆ భయం మా ఆయనతో చెప్పలేదు, గోడ మీంచి అక్కతోనూ చెప్పలేదు. అందరి సంగతులూ అడిగేదాన్ని, నాది దాచుకున్నాను.

ఏడో నెలలో ఒక గురువారం ప్రెసిడెంటుగారు నా వైపు చూసి, "ఇంటి మాట ఉంది" అంది.

చాట పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. తలుపు వేశారు. రాళ్ళు ఏరడం ఎవరిక్కావాలి? చాట కింద పెట్టి తలుపుకి చెవి ఆనించాను.

"ఎవరు?" అంది ప్రెసిడెంటుగారు.

చప్పుడు లేదు. అంతకుముందు ఎవరి విషయంలోనూ ఆవిడ రెండోసారి అడగలేదు. నా విషయంలో అడిగింది. ఒకావిడ, మా ఇంట్లో మడి అంది. ఇంకొకావిడ, మా అత్తగారు ఊరినుంచి వస్తోంది అంది. గార్డుగారి భార్యకి అప్పటికే తన సొంత కూతురి పురుడు ఉంది. ఎవరో గొంతు తగ్గించి, "తల్లి కాన్పులో పోయిన పిల్లట..." అన్నారు. ఇంకెవరో, "దాని నోటికి ఎవరు ఆగుతారమ్మా" అన్నారు. ఓహో, ఇలా ఉందా మీ గురువారం అనుకున్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తలుపు తోసుకుని వెళ్ళి అందర్నీ కడిగిపారేద్దామా అనిపించింది.

అప్పుడు గుమ్మం పక్కనుంచే, తలుపుకి అవతల నా చెవికి జానెడు దూరంలో, ఒక గొంతు లేచింది.

"నాను తీసుకెల్తాను."

లోపల గోల లేచిపోయింది. "మీ ఇంటికా!" "తల్లిలేని పిల్ల, ఆ ఇంటికి పంపడమా!" ఈల మోగింది. అంతలో గూడ్సు వచ్చింది. అది దాటేదాకా నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. దాటాక ఆ గొంతే, "ఆ గుంటనే అడగండి. పిల్ల వొద్దంటే వొద్దు" అంది.

తలుపు తెరుచుకుంది. డ్రైవరుగారి భార్య బయటికి వచ్చింది. చేతిలో పసుపు కుంకుమ లేదు. వెనకాల గుమ్మం నిండా మొహాలు.

"ఊరందరి ఆరా తీసేదానివి, నా ఇంటి సంగతి నీకు తెలీకుండా ఉండదు" అంది. "పదవే అనను. వొస్తావా?"

నా దగ్గర వంద ప్రశ్నలున్నాయి. ఆ పిల్లకి ఏమైంది? ఏ గదిలో? మంత్రసాని వచ్చిందా, రాలేదా? అన్నీ గొంతుదాకా వచ్చాయి. కాని ఆవిడ చేతులు చూశాను. కొంగు అంచుని నలిపేస్తున్నాయి.

"పెట్టె సర్దుకోవాలి, సాయంత్రం రండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సగం ఆ గుమ్మంలో ఉన్న మొహాల మీద కోపం. మిగతా సగం ఏమిటో తెలియదు.

మా ఆయన అంతెత్తున లేచాడు. "బుద్ధుందా నీకు? ఊళ్ళో ఇంకో ఇల్లే దొరకలేదా?"

"లేదు" అన్నాను. "మీరు అల్లుడు. ఆదివారం భోజనానికి రండి, అలగకండి."

ఆ ఇంట్లో వంటిల్లు కాక రెండే గదులు. వెనక గదిలో బియ్యం బస్తాలు, దేవుడి మందసం పెట్టేశారు. మనిషి పడుకునే జాగా లేకుండా చేశారు. నేను చూశాను, ఏమీ అడగలేదు. ముందు గదిలో నాకు మంచం వేసి, డ్రైవరుగారు వరండాలోకి మారారు. ఆవిడ నాకు తల దువ్వేది, మినపసున్ని చేసి పెట్టేది, తినకపోతే తిట్టేది. నేను "ఏమండీ" అనే పిలిచేదాన్ని. అమ్మా అని పిలిచే అలవాటు నా నోటికి లేదు. ఆవిడా అడగలేదు.

నొప్పులు తెల్లారాక మొదలై పొద్దెక్కేసరికి ముదిరాయి. ఊరవతల పాడా అనే పేట నుంచి మంత్రసాని ముసల్ది వచ్చింది. "ఝన్ డర్ నోనీ, ఝన్ డర్" అంటూ పొట్ట రాసింది. భయపడకు పిల్లా అనేమాట, అప్పటికి నాకు అర్థమవుతోంది. భయపడకుండా ఎలా? మా అమ్మకి కూడా ఎవరో ఇలాగే చెప్పే ఉంటారు.

నొప్పి వచ్చినప్పుడు ఎవరైనా ఏమని అరుస్తారు? "అమ్మా!" అని అరిచాను.

"ఊఁ, ఉన్నానమ్మా" అంది ఆవిడ పక్కనుంచి.

మళ్ళీ అరిచాను. "ఉన్నాను, ఇక్కడే ఉన్నాను." ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లు. ఒక్కటి వదల్లేదు. తలుపవతల ఎవరో పిలిస్తే పలకలేదు. మంత్రసాని "గరం పానీ లా, జల్దీ!" అని కసిరింది. ఆవిడ కదల్లేదు. ముసల్ది మళ్ళీ తిట్టింది, చేతులు ఊపింది. ఆవిడ నా చెయ్యి వదలకుండా వాకిలి వైపు తిరిగి, "ఏమయ్యా, నీల్లు కాగాయి, తెచ్చి గుమ్మంలో పెట్టు!" అని మొగుణ్ణి కేకేసింది. పురిటింటి దరిదాపుల్లోకి మగవాళ్ళు రాని రోజులు. డ్రైవరుగారు మొహం పక్కకి తిప్పుకుని కాగు తెచ్చి గడప దగ్గర దించి పరిగెత్తాడు. ఆ నొప్పుల్లోనూ నా బుద్ధి పోలేదు చూడండి, నాలుగడుగులు వేస్తే వంటిల్లు కదా, ఈవిడ ఎందుకు లేవదు అని ఆలోచిస్తూనే ఉన్నాను.

షెడ్డులో మధ్యాహ్నం కూత కూసే వేళకి ఆడపిల్ల పుట్టింది. నేను బతికే ఉన్నానని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

పదకొండోనాడు స్నానం అయ్యాక నాకు సాంబ్రాణి పొగ వేస్తూ, నేను అడక్కుండానే, ఆవిడ చెప్పింది.

"ఆ గుంట కూడా నీలాగే అమ్మా అమ్మా అని పిలిచిందే. ముసల్ది నీల్లు తెమ్మంది. నాను పొయ్యి కాడికెల్లాను. వొంటింట్లోకి ఒక్క పిలుపు వినబడింది. వొస్తన్నానమ్మా అన్నాను. కాగు దించి వొచ్చేసరికి..."

సాంబ్రాణి పొగ మా ఇద్దరి మధ్యా నిండిపోయింది.

"నాను పలికిన మాట దానికి వినబడిందో లేదో, అదొక్కటీ తెలీదు నాకు."

పొగలో చెయ్యి చాచి ఆవిడ మోకాలు పట్టుకున్నాను.

"అమ్మా" అన్నాను, నొప్పేమీ లేకుండా.

"ఊఁ" అంది వెంటనే. "ఉన్నాను."