మస్తాన్ గెలిచిన కేసు

నిన్న పొద్దున చిలకలూరిపేట నుంచి కాల్ వచ్చింది. మస్తాన్ మనవరాలు. "తాత పోయారండీ" అంది.

పోయిన వారమే ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు.

నేనూ మస్తానూ స్కూల్లో ఒకే బెంచీ. 1960ల్లో వాడికి పేటలో చిన్న మిర్చి కొట్టు ఉండేది. నేను హైదరాబాదులో ఉండి హైకోర్టు వార్తలు రాసేవాణ్ణి.

ఒక ఏడాది మార్కెట్ కమిటీ వాడి లైసెన్స్ రెన్యూ చేయలేదు. నోటీసు ఇవ్వలేదు, కారణం చెప్పలేదు. వాడు హైకోర్టులో రిట్ వేశాడు.

వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. దానికి సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చనీ అందులోనే ఉంది. ఏది సహేతుకమో తేల్చాల్సింది కోర్టు.

తీర్పు రోజు నేను కోర్టు హాల్లోనే ఉన్నాను. మిర్చి సీజన్ కావడంతో వాడు రాలేకపోయాడు. లైసెన్స్ తప్పనిసరి చేసిన చట్టం చెల్లుతుందని జడ్జిగారు చదివారు.

అంతవరకే విన్నాను. మిగతా పేపర్లకంటే ముందు పంపాలని టెలిగ్రాఫ్ ఆఫీసుకు పరుగెత్తాను.

'మిర్చి లైసెన్స్ చట్టం సబబే: హైకోర్టు.' మర్నాడు హెడ్డింగ్ అదే. పేట వ్యాపారికి చుక్కెదురైందని కింద నేనే రాశాను.

నేను వెళ్లాక జడ్జిగారు మిగతా సగం చదివారు. చట్టం చెల్లినా, మనిషి చెప్పేది వినకుండా లైసెన్స్ ఆపడం సహేతుకం కాదన్నారు. కమిటీ ఉత్తర్వు కొట్టేశారు.

అంటే మస్తాన్ గెలిచాడు.

లాయరు ఉత్తరం పేటకు చేరేసరికి నాలుగు రోజులైంది. ఈలోపు వాడు నా వార్త చదివి, కొట్టు పక్క వ్యాపారికి రాసిచ్చేశాడు.

సంగతి తెలిసి పేటకు బస్సెక్కి వెళ్లాను. తప్పు నాదేరా అన్నాను.

"ఏరా, సినిమాకెళ్తే శుభం పడేదాకా లేవవు. జడ్జిగారు మాట్లాడుతుంటే మధ్యలో లేచొచ్చావేందిరా?" అన్నాడు. టీ తాగుదాం పద అన్నాడు.

ఆ తర్వాత పాతికేళ్లు వేరేవాళ్ల కొట్లో గుమాస్తాగా చేశాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పేపర్లో సవరణ వేశామా అని అడుగుతారు. మూడు లైన్లు వేశాం. దానికి 'మరికొన్ని వివరాలు' అని హెడ్డింగ్ పెట్టింది నేనే. పొరపాటు అన్న మాట రాయలేదు. ఉద్యోగం పోతుందని భయం.

ఆ సంగతి వాడికి చెప్పలేదు. వాడు చదివే ఉంటాడు.

వాడు పోయాక రాస్తున్నాను. నా వార్త తప్పు. షేక్ మస్తాన్ కేసు గెలిచాడు. వాడి మాట వినకుండా వాడి వ్యాపారం ఆపే అధికారం ఎవరికీ లేదని కోర్టు చెప్పింది.

సెలవు మస్తాన్. అక్కడైనా నీకు నెమ్మది దొరకాలి.