ఏడెనిమిదులు యాభై నాలుగు

మా పెదనాన్న నోటివెంట సరైన లెక్క ఒక్కటైనా రాగా విన్నవాళ్ళు మా వీధిలో లేరు. అందులో వింతేముంది, లెక్కలు రానివాళ్ళు లోకంలో బోలెడుమంది అంటారేమో. వింతే. ఆయన ఉద్యోగం లెక్కల మాస్టారు. రిటైరయ్యేదాకా ఒకే బడిలో, ఒకే బోర్డు ముందు నిలబడి తప్పులు చేశారు. రిటైరయ్యాక బోర్డు లేకుండానే కొనసాగించారు.

అవి అల్లాటప్పా తప్పులు కావు. సెలూన్లో కుర్చీలో కూర్చుని, మెడకి గుడ్డ కట్టించుకుంటూ, ముందూ వెనకా ఏ సందర్భమూ లేకుండా, "ఏడెనిమిదులు యాభై నాలుగు కదటోయ్?" అనేవారు. సెలూనాయన కత్తెర గాల్లో ఆపేసేవాడు.

"మాస్టారూ! యాభై ఆరండీ!"

"అలాగా? ఎప్పుడు మార్చారు?"

"ఎవరూ మార్చలేదండీ బాబూ! మా తాతల నాటినుంచీ యాభై ఆరే!"

ఆ పూటంతా సెలూన్లోకి వచ్చిన ప్రతి తలకాయకీ ఆ కథ చెప్పేవాడు. చెప్తూ చెప్తూ ఛాతీ పెరిగేది. ఒకసారి మరీ పెరిగి చొక్కా గుండీ తెగి అద్దానికి తగిలింది. నేను కళ్ళారా చూశాను.

ఉత్తరాలు తెచ్చే ఆయన మా మేడెక్కి వస్తే, "పాపం, అంతస్తుకి పన్నెండు చొప్పున మూడంతస్తులు. ముప్ఫై నాలుగు మెట్లెక్కి వచ్చావయ్యా" అని జాలిపడేవారు.

"ముప్ఫై ఆరండీ! ఎక్కిన కాళ్ళు నావి, నాకు తెలీదా!"

దర్జీకి చొక్కా గుడ్డ కొలతలు తప్పు చెప్పేవారు. బేకరీ అమ్మాయికి డజనంటే పదకొండు అనేవారు. చివరికి పెదనాన్న వీధిలో లెక్క మొదలుపెడితే బేకరీ కుక్క కూడా మొరిగేది. అంతెందుకు, మా వీధిలో నోటిలెక్క రానివాడు ఒక్కడు లేడు. మాస్టారికి రాకపోతే వీధివాళ్ళయినా నేర్చుకోవాలి కదా మరి!

ఆయన్ని సరిదిద్దడంలో మాత్రం నన్ను మించిన మొనగాడు లేడు. ఇక్కడ నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇరవై చెప్పగలను గాని, కథ పెదనాన్నది. నేను యూనివర్సిటీని మధ్యలో వదిలేసినవాణ్ణి. అదే నన్ను వదిలేసిందని కొందరంటారు. అది యూనివర్సిటీవాళ్ళు పుట్టించిన పుకారు. నేను వచ్చేశాక అక్కడ కాంటీన్ మూతపడింది, గడియారం ఆగిపోయింది, ప్రొఫెసర్లు దిగులుతో సన్నబడ్డారు. ఇప్పుడు నాకో వ్యాను ఉంది. ఇళ్ళు మారేవాళ్ళ సామాను చేరవేస్తాను. ఒక బీరువాని మూడో అంతస్తు నుంచి చిటికెన వేలు మీద దింపాను. సరే, రెండు వేళ్ళు.

మా ఇంట్లో అసలైన లెక్కల బుర్ర మా చెల్లిది. దాన్ని అందరూ 'రబ్బరు' అని పిలిచేవాళ్ళు. పెన్సిలుతో లెక్క చేసి, ఎవరూ చూడకముందే రబ్బరుతో చెరిపేసి, మళ్ళీ చేసి, మళ్ళీ చెరిపి, కాగితానికి బొక్క పడ్డాక గాని జవాబు చూపించేది కాదు. చూపిస్తే మాత్రం అది తప్పయ్యే ప్రశ్నే లేదు. తప్పంటే దానికి బల్లిని చూసినంత భయం. బల్లిని చూస్తే భయం లేదు, పట్టుకుని బయట వదులుతుంది.

అలాంటి పిల్ల స్కూలు చదువు ముగించింది. మూడు యూనివర్సిటీలు రమ్మన్నాయి. శనివారం సాయంత్రంలోగా ఒకదానికి సరేనని చెప్పాలి, లేకపోతే మూడు సీట్లూ పోతాయి. వంటింటి బల్ల చుట్టూ సభ కూడింది.

"బీమా లెక్కలు చదివించండి" అన్నారు బీమా ఆఫీసులో పనిచేసే మా నాన్న. "మనుషులు ఎప్పుడు పోతారో ముందే లెక్కకట్టే ఉద్యోగం. గిరాకీ తగ్గదు."

"పాడు ఉద్యోగం! కంప్యూటర్లు చదువుకుంటుంది" అంది మా అమ్మ.

"లెక్కలు బాగా వస్తే ఇంజినీరింగే కదండీ" అంది చక్కెర కోసం వచ్చిన పక్కింటావిడ.

"ఉట్టి లెక్కలు చదివితే?" అని చెల్లి గొంతులోనే అంది.

"ఉట్టి లెక్కలు చదివి ఏమవుతారమ్మా?" అన్నారు నాన్న. అందరి చూపూ పెదనాన్న మీదికి తిరిగింది. ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నారు. చెల్లి లేచి గదిలోకి పోయింది.

వెనకే వెళ్ళాను. మూడు కాగితాల మీదా పెన్సిలుతో టిక్కు పెట్టి, మూడూ చెరిపేసింది.

"తప్పుది ఎంచుకుంటే ఎలా అన్నయ్యా? దీన్ని చెరపలేం కదా. అసలు ఏదీ వద్దు. ఈ చదువే వదిలేస్తా."

"చూడు, వదిలెయ్యడం నా విద్య. దానికి ధైర్యం కావాలి. నీలాంటి పిరికివాళ్ళు చేసే పని కాదు."

దిండు విసిరింది. నేను దాన్ని చిటికెన వేలు మీద పట్టుకున్నాను.

ఇంతలో గుమ్మంలో పెదనాన్న. "ఒరే మొనగాడా, నీ వ్యాను తీయి. మూడు యూనివర్సిటీలు, రోజుకొకటి చొప్పున నాలుగు రోజుల్లో చూసేద్దాం."

"మూడు రోజులు!" అని ఇల్లంతా అరిచింది. పక్కింటావిడతో సహా.

గురువారం బయల్దేరాం. వ్యాను వెనకాల ఇంకా అప్పగించని ఓ పడక్కుర్చీ ఉంటే, పెదనాన్న అందులో మహారాజులా కూర్చున్నారు. మలుపు తిరిగినప్పుడల్లా మహారాజు ఈ గోడ నుంచి ఆ గోడకి పర్యటించేవారు.

మొదటి యూనివర్సిటీ పేరు చెప్తే జనం లేచి నిలబడతారు. నాపరాళ్ళ మెట్లు, గాజు తలుపులు. కొత్తగా చేరబోయేవాళ్ళ కోసం ఓ ప్రొఫెసరు గారు పెద్ద హాల్లో పాఠం చెప్తున్నారు. పాఠం మధ్యలో మా పెదనాన్న చెయ్యెత్తారు. చెల్లి నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

"అయ్యా, చిన్న సంగతి. రెండు పొలాల చుట్టూ కంచె పొడవు ఒకటే అయితే, లోపలి నేల కూడా ఒకటే అవుతుంది కదండీ?"

తప్పు. నాకే తెలుసు. ప్రొఫెసరు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఎవరండీ మీరు? అది బడిపిల్లల పాఠం. ఇక్కడికి వచ్చేవాళ్ళు అలాంటివి దాటి వస్తారు." హాలంతా నవ్వింది. చెల్లి బెంచీ కిందికి జారిపోయి, అక్కడ పడిపోయిన పెన్ను ఏదో వెతికింది. పెన్నేమీ లేదు.

వ్యానెక్కాక, "అంత పెద్ద చోట అంత తప్పా పెదనాన్నా!" అని నేను కేకలేస్తే, "తప్పా? అలాగా!" అని పడక్కుర్చీలో వెనక్కి వాలారు.

రెండోది ఇంకా తళతళలాడే చోటు. గుమ్మంలోనే ఓ యువకుడు రంగు కాగితాలు చేతిలో పెట్టి, చదువయ్యాక వచ్చే ఉద్యోగాల గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. అతను ఊపిరి తీసుకున్న ఒక్క క్షణంలో పెదనాన్న దూరారు. "కంచె ఒకటే అయితే నేలా ఒకటే కదండీ?"

"అబ్సొల్యూట్లీ సార్! భలే చెప్పారు!"

"ఏడెనిమిదులు యాభై నాలుగు?"

"అంతే సార్, అంతే!"

పెదనాన్న మొహం వాడిపోయింది. తన తప్పుని ఒకడు ఒప్పుకోవడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి.

శనివారం, ఆఖరి రోజు. మూడో యూనివర్సిటీ పాత ఇటుకల కట్టడం. లిఫ్టు పనిచెయ్యదు. లెక్కల విభాగం నడవాలో ఓ బోర్డు. దాని పైన 'ఈ వారం తప్పు' అని పెయింటుతో రాసి ఉంది. కింద ఎవరో విద్యార్థి చేసిన తప్పు లెక్క, వాడి పేరుతో సహా, పక్కన 'చెరపరాదు'. చెల్లి ఆ మాట దగ్గరే నిలబడిపోయింది. ఉరిశిక్ష చదువుతున్నట్టు చదివింది.

పాఠం చెప్తున్నావిడ పొట్టిగా, చేతులకి సుద్ద పూసుకుని పిండి మరలో పనిచేసే మనిషిలా ఉంది. పెదనాన్న చెయ్యెత్తి మళ్ళీ అదే కంచె, అదే నేల.

ఆవిడ తప్పనలేదు. ఒప్పనలేదు. "ఏదీ, చూద్దాం. తాడుందా ఎవరిదగ్గరైనా?"

గణితశాస్త్రానికి నేను చేసిన మహోపకారం ఇక్కడే. పరిగెత్తుకెళ్ళి బీరువాలు కట్టే తాడు తెచ్చాను. ఆవిడ దాని కొసలు ముడేసి, నలుగురు పిల్లల్ని నాలుగు మూలలా పట్టుకోమంది. మధ్యలో పెదనాన్నని నిలబెట్టింది. "ఇది మీ పొలమండీ. బాగుందా?"

"దివ్యంగా ఉంది."

"ఇప్పుడు మీరిద్దరూ అటు లాగండి, మీరిద్దరూ ఇటు." పొలం సాగి సాగి సన్నబడింది. పెదనాన్న పొట్ట అడ్డం పడింది. ఆయన్ని తప్పించాక తాడు రెండు వరసలూ ఆనుకున్నాయి. మధ్యలో చీమ దూరే సందు లేదు. తాడు అదే, పొలం మాయం! హాలంతా ఈలలు.

"ఈయన ఆ మాట అనకపోతే మనం తాడు తెచ్చేవాళ్ళమా?" అంది ఆవిడ. "ఇప్పుడు మీరు చెప్పండి, ఇంకేం అడగొచ్చు?"

నా పక్కన ఏదో కదిలింది. చూద్దును కదా, చెల్లి నిలబడి ఉంది! చేతిలో పెన్సిలు లేదు, రబ్బరు లేదు.

"అంటే... లోపలి చోటు ఇంతే అని ముందే అనుకుంటే, చుట్టూ కంచె ఎంత పొడవు పెట్టొచ్చో దానికీ ఒక హద్దు ఉండి తీరుతుంది కదండీ?"

ఆవిడ కళ్ళు మెరిశాయి. "భలే తప్పు!" అంది.

చెల్లి మొహం సుద్దలా అయింది. నేను వ్యాను తాళాలు తీసుకున్నాను. కాని ఆవిడ అప్పటికే బోర్డు మీద ఓ త్రిభుజం గీసి, దాని ప్రతి అంచు మధ్యలో ఓ చిన్న త్రిభుజాన్ని కొమ్ములా పెట్టి, ఆ కొమ్ముల అంచులకి ఇంకా చిన్న కొమ్ములు పెడుతూ పోయింది.

"ఎప్పటికీ ఆపకుండా ఇలాగే పెడుతూ పోయామనుకోండి. లోపలి నేల ఈ బోర్డు దాటదు. కంచె మీద నడిచేవాడు మాత్రం ఎన్ని జన్మలెత్తినా ఇల్లు చేరడు."

చెల్లి నోరు తెరుచుకుంది. తెరుచుకున్న నోరు నవ్వయింది. గబగబా బోర్డు దగ్గరికి నడిచి, "మరి కొమ్ము ఇంకాస్త పెద్దది పెడితే?" అని సుద్ద అందుకుంది. ఆ తర్వాత అరగంట ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయారు. వెళ్ళేముందు చెల్లి తన తప్పుని తన చేత్తోనే నడవాలో బోర్డు మీద రాసి, కింద పేరు పెట్టింది. చెరపలేదు.

అసలు ప్రశ్న నేనే అడిగాను. మా నాన్న కోసం. "ఉట్టి లెక్కలు చదివి ఏమవుతారండీ?"

"మొదటి ఏడాది అందరూ ఒకే గదిలో కూర్చుంటారు బాబూ. ఆ తర్వాత బీమా వైపు పోవచ్చు, కంప్యూటర్ల వైపు పోవచ్చు, నాలా సుద్దలో మునగొచ్చు. దారి మార్చుకోవచ్చు. ఇక్కడ దారి తప్పడం నేరం కాదు."

చెల్లి అక్కడి ఆఫీసులోనే సరేనని సంతకం చేసింది. పెన్నుతో! తిరుగుదారిలో పడక్కుర్చీలో మహారాజు పక్కన నేలమీద కూర్చుని దారి పొడుగునా పాటలు పాడింది. దాని గొంతు గురించి ఏమీ చెప్పను, నా చెల్లి కదా.

ఇంటికొచ్చి నా ఘనకార్యం పెద్దమ్మకి చెప్పాను. తాడు సంగతి మూడుసార్లు చెప్పాను. "ఏమైనా పెద్దమ్మా, పెదనాన్న తెలీక చేసిన తప్పు మన పిల్లకి కలిసొచ్చింది."

పెద్దమ్మ పళ్ళేలు సర్దుతూ పకపకా నవ్వింది. "తెలీకా? ఒరే పిచ్చోడా, ఈ అలమరా చూడు. కొలిచి చేయించింది ఎవరనుకున్నావ్? గోడకీ దీనికీ మధ్య వెంట్రుక పట్టదు. ఇంట్లో ఆయన లెక్క ఒక్కటి తప్పితే ఒట్టు. చెప్పులేసుకుని గుమ్మం దాటాకే ఆ రోగం."

"ఎందుకట?"

"నేనూ అడిగా పెళ్ళైన కొత్తలో. 'లెక్కల మాస్టార్ని సరిదిద్దినవాడు ఆ పూట ఎలా నడుస్తాడో చూశావా?' అన్నారు. నువ్వు చదువొదిలేసి వచ్చి గదికి గడియేసుక్కూచున్నావు చూడు, అప్పుడు నీ తలుపు దగ్గరకొచ్చి ఏమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. 'మూడు పదమూళ్ళు ముప్ఫై ఆరు' అని తనలో తాను గొణుక్కుంటున్నారు. తలుపు తీసుకుని బయటికొచ్చి మరీ "ముప్ఫై తొమ్మిది!" అని అరిచాను. తర్వాత ఆకలేసింది. అన్నం తిని, వీధిలోకి వెళ్ళాను.

తాడు సంగతి నాలుగోసారి చెప్పబోయి మానేశాను. ఇది చాలా అరుదైన సంగతి కనక ఇక్కడ రాస్తున్నాను. అయినా, జవాబు చెప్పింది నేనే కదా!

ఏడాది తిరిగాక చెల్లి సెలవులకి వచ్చింది. మొదటి ఏడాది క్లాసుకి ఫస్టు. ఆ నడవా బోర్డు మీదికి కూడా ఎవరికన్నా ఎక్కువసార్లు ఎక్కింది తనేనట. రెండూ ఒకే గొంతుతో చెప్పింది. రబ్బరు అని పిలిస్తే ఇప్పుడెవరికీ అర్థం కాదు. మర్నాడు పొద్దున్న పెదనాన్న సెలూన్ కుర్చీలో ఉండగా మేం లోపలికెళ్ళాం. ఆయన మెడకి గుడ్డ కట్టించుకుంటూ ఇంకా నోరు తెరవలేదు.

"పెదనాన్నా," అంది చెల్లి, అమాయకంగా, "ఏడెనిమిదులు యాభై నాలుగే కదూ?"

సెలూన్లో కత్తెర ఆగింది. పేపరు చదివేవాళ్ళు పేపర్లు దించారు. బయట బేకరీ కుక్క చెవులు నిక్కించింది.

"యాభై ఆరు తల్లీ!" అని కుర్చీలోంచి సగం లేచి, వీధి దద్దరిల్లేలా అరిచారు పెదనాన్న.

అని, నాలిక కరుచుకున్నారు. చెల్లి నవ్వుతోంది. సెలూనాయన నోరు తెరిచేశాడు. "మాస్టారు కరెక్టు చెప్పేశారర్రా!"

ఆ రోజు క్షవరం మాటే మరిచి, మెడలో గుడ్డతోనే ఆయన ఇంటికి బయల్దేరారు. ఆ నడక మీరు చూడాల్సింది. ఛాతీ ఇంత ముందుకొచ్చి, తల అంత పైకెత్తి, వీధి ఈ కొస నుంచి ఆ కొసకి ఊరేగింపులా వెళ్ళారు. చొక్కా గుండీ ఒకటి ఎగిరి వచ్చి నా నుదుటికి తగిలింది. కావాలంటే బేకరీ కుక్కనడగండి.