శుక్రవారం ఆకువక్క

బిడ్డ పుట్టకముందు కార్తీక ఏ ఎన్నికనూ పట్టించుకున్న మనిషి కాదు. చెన్నైలో ఎన్నూరు దగ్గర నీళ్ల పరీక్షలు చేసే ఒక ల్యాబులో ఆమె కెమిస్టు. సీసాలో వచ్చిన నీళ్లలో ఏముందో చెప్పడమే ఆమె పని, మనుషుల మనసుల్లో ఏముందో ఆమెకు అక్కర్లేదు. కేశవ్ పుట్టాక అంతా తలకిందులైంది. వాడి ఒళ్లు కాస్త వెచ్చగా తోస్తే ఒక థర్మామీటరు పెట్టేది. అది సరిగ్గా చూపిస్తోందో లేదోనని ఇంకొకటి పెట్టేది. రెండూ రెండు రకాలుగా చెబితే, రెండింటినీ తనకే పెట్టుకుని సరిచూసేది. ఈలోగా జ్వరం, నిజంగా వచ్చి ఉంటే, విసుగుపుట్టి వెళ్లిపోయేది.

పగలంతా కేశవ్‌ను చూసుకునేది అత్త పుష్పవల్లి. వాడికి నడక రాకముందు అంతా బాగానే ఉంది. నడక రావడం, వెంటనే అది పరుగైపోవడం జరిగాక ఆమె మోకాళ్లు మొరాయించాయి.

"వాడిది పరిగెత్తే వయసు, నాది కూచునే వయసు. మా ఇద్దరికీ కుదరదుమా" అందామె ఒకరోజు, తప్పు తనదే అయినట్టు.

కార్తీక పెరంబూరంతా తిరిగి క్రెష్‌లు చూసింది. ఒక చోట పాలసీసాల మీదుగా గోడపై బల్లి పోతోంది. ఇంకో చోట తాగే నీళ్లను చిన్న సీసాలో పట్టుకుపోయి ల్యాబులో పరీక్ష చేసి, ఫలితం వాళ్లకే పంపింది. ఆ తర్వాత వాళ్లు ఆమెకు తలుపు తీయడం మానేశారు.

అప్పుడు వినిపించింది వెంకటపతి మాట. తాతలనాడు రైలు వర్క్‌షాపులో పనికి వచ్చిన తెలుగు కుటుంబాలవాళ్లు పెరంబూరులో ఒక సంఘం పెట్టుకుని, కల్యాణ మండపం ఒకటి కట్టుకున్నారు. మండపం మేడ మీద ఒక పెద్ద గది విరిగిన కుర్చీలతో ఊరికే పడి ఉంది. బోగీల కర్మాగారంలో పనిచేసి రిటైరైన వెంకటపతి, తాను సంఘం అధ్యక్షుడైతే ఆ గదిని పిల్లల గది చేస్తాననీ, సంఘంలోని అవ్వలే వంతులవారీగా బిడ్డలను చూసుకుంటారనీ అన్నాడు. ఆ మాట విన్న క్షణం నుంచి కార్తీక వెంకటపతి మనిషి.

ఆయనకు పోటీ కోదండరాం. సౌకార్‌పేటలో చీరల హోల్‌సేల్ వ్యాపారం. చెడ్డవాడేమీ కాదు. మేడ గదికి ఏసీ పెట్టి పెళ్లికొడుకు విడిది చేస్తే మండపానికి పెళ్లిళ్లు ఎక్కువొస్తాయని ఆయన లెక్క. పెళ్లికొడుకు ఒక్క రాత్రి పడుకుని పోతాడు, పిల్లవాడు ఆ గదిలో బడికి వెళ్లేదాకా పెరుగుతాడు, ఇది కార్తీక లెక్క.

విచిత్రం ఏమిటంటే ఇద్దరిదీ ఒకే జట్టు. సంఘంలో పాత జట్టు, కొత్త జట్టు అని రెండున్నాయి. అసలు ఎన్నికలో ఎప్పుడూ గెలిచేది పాత జట్టే. అందుకని పాత జట్టు తరఫున ఎవరు నిలబడాలన్నదే అసలు యుద్ధం. చీటీలు వేస్తే పగలు పెరుగుతాయని పెద్దలు దానికో పద్ధతి పెట్టారు. ఏ ఇంటివాళ్లు ఎవరిని కోరుకుంటే వాళ్లకు తాంబూలం ఇస్తారు. ఇంటికి ఒక్కటే తాంబూలం, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు. పోటీదారు ఆకు నమిలేసి వక్కను దాచుకుంటాడు. ముందే అనుకున్న ఆదివారం ఇద్దరూ తమ వక్కలను పళ్లెంలో పోస్తారు. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లు నిలబడతారు. భార్య అందుకున్నా భర్త అందుకున్నట్టే.

కార్తీక సాయంత్రం ల్యాబు నుంచి రాగానే కేశవ్‌ను చంకన వేసుకుని, వెంకటపతిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. అభ్యర్థి కంటే ఆమె ఆవేశమే ఎక్కువ. ఆయనను మాట్లాడించడమే పెద్ద పని.

"మామా, పిల్లల గది గురించి చెప్పండి" అని గుర్తుచేసేది.

"దానికే వస్తా ఉండానుమా. బోగీ కింద స్ప్రింగు ఎట్లనో, ఇంట్లో బిడ్డకి అవ్వ అట్ల" అని మొదలుపెట్టేవాడు. ఆ ఇంటాయన కూడా కర్మాగారం మనిషైతే "ఇప్పుడు ఆ స్ప్రింగులు వాడట్లేదంట కదన్నా" అనేవాడు. ఇక ఇద్దరూ బోగీ కిందకు దూరిపోయేవారు. పిల్లల గది పైనే ఉండిపోయేది.

ఫోన్లలోనూ పోరు సాగింది. కోదండరాం మనుషులు వాట్సాప్‌లో వెంకటపతి సంఘం మీటింగులో నోరు తెరిచి నిద్రపోతున్న ఫోటో పెట్టారు. పగటి కునుకు జ్ఞాపకశక్తికి మంచిదని కార్తీక ఒక శాస్త్రీయ వ్యాసం జవాబుగా పెట్టింది. దాన్ని ఎవరూ చదవలేదు. ఫోటోను మాత్రం అందరూ దాచుకున్నారు. ఆ కోపంలో పక్క వీధి సునయనతో ఆమె ఒక మాట అనేసింది.

"ఆయన గెలిస్తే మండపానికి తాళం ఏస్తాడక్కా. మన పెండ్లిండ్లకి మననే బాడుగ అడుగుతాడు, చూస్తా ఉండండి."

ల్యాబులో ఒకే పరీక్ష రెండుసార్లు చేయకుండా సంతకం పెట్టని మనిషి ఆమె. ఈ మాటకు ఒక్క పరీక్షా లేదు.

అయినా ఎక్కడో లీకు ఉంది. ఇదివరకు "నీకే ఇస్తాం కార్తీకా" అన్న ఆడవాళ్లు ఇప్పుడు ఆమె కనిపిస్తే ఆరేసిన బట్టల చాటుకు పోతున్నారు. వెంకటపతి డబ్బాలో వక్కలు అడుగున గలగలమంటున్నాయే కానీ పెరగడం లేదు. కోదండరాం ఇల్లు కదిలి ఒక్క గుమ్మమూ తొక్కినట్టు లేదు. కార్తీకకు ఇది ట్యాంకులో నీళ్లు తగ్గుతూ, పైపు మాత్రం ఎక్కడా తడవనట్టు అనిపించింది.

శుక్రవారం ల్యాబుకు సెలవు పెట్టి, సాయంత్రం కేశవ్‌ను పిల్లల తోపుడుబండిలో కూర్చోబెట్టి వీధి చివర నిలబడింది. దీపాలు పెట్టే వేళకు కోదండరాం భార్య జయంతి వచ్చింది. పట్టుచీర, తలలో కనకాంబరాలు, చేతిలో ఏమీ లేదు. ఒక ఇంట్లోకి వెళ్లింది. కార్తీక బండిని ఆ ఇంటి కిటికీ పక్కకు తోసింది. ఎన్నిక మాట ఎత్తలేదని కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది. మోకాళ్ల నొప్పులడిగింది, కోడలి నెలలడిగింది, మజ్జిగ తాగింది, లేచింది. ఆ ఇంటావిడ పరుగున వెళ్లి పళ్లెం తెచ్చి, కుంకుమ పెట్టి, రెండు ఆకులూ వక్కా చేతిలో పెట్టింది. దీపాల వేళ, అందులోనూ శుక్రవారంనాడు, ఇంటికొచ్చిన ముత్తైదువను వట్టి చేతులతో పంపే ఇల్లు ఆ వీధిలో లేదు. జయంతి నవ్వి, వక్కను కొంగున కట్టుకుని, పక్కింటి మెట్లెక్కింది.

కార్తీకకు అప్పుడు అర్థమైంది. అడగకుండానే ఓట్లు పడిపోతున్నాయి. తర్వాత ఇంకోటి తోచింది. ఆ వరుసలో నాలుగు గుమ్మాలు దాటితే తమ ఇల్లే. అందరి తాంబూలాలూ అడిగే హడావిడిలో తమ ఇంటిది వెంకటపతికి ఇంకా ఇవ్వనే లేదు.

బండిని తోసుకుంటూ వెనకసందులోంచి పరిగెత్తింది. సందులో ఒక ఎద్దు పడుకుని ఉంది. దాన్ని బతిమాలి లేపేసరికి అరగంట పోయింది. ఆమె కేశవ్‌ను ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేసరికి జయంతి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. పుష్పవల్లి పళ్లెంతో దేవుడి గదిలోంచి వస్తోంది.

"ఏందిమా, అట్ల పరిగెత్తుకొని వచ్చినావు? బిడ్డకేమన్నా అయిందా?"

"ఏం లేదత్తా. అదీ, మనింట్లో వక్క అయిపోయింది కదా. పొద్దన చూసినా. అక్కకి పండు, కుంకుమ ఇచ్చి పంపించండి."

పుష్పవల్లి నిలబడిపోయింది. "మనింట్లో వక్క అయిపోవడమా? నేను కాపరానికి వచ్చినాక ఒక్కనాడన్నా అయిపోయిందా?" అని డబ్బా తెచ్చి జయంతి వినేట్టు గలగల ఆడించింది.

"అవి పాతవి అత్తా. బూజు పట్టుంటాయి. ఆ బూజు లివరుకి..."

"పరవాలేదు కార్తీకా" అంది జయంతి మెల్లగా. "నేను నమలనులే. దాచిపెట్టుకుంటా."

 సరిగ్గా అప్పుడే చంకలో ఉన్న కేశవ్ ముందుకు వంగి పళ్లెంలోని వక్కను అందుకున్నాడు. నోటి దగ్గరకు తీసుకుపోతున్నాడు. వక్క సరిగ్గా పసివాడి గొంతుకు అడ్డం పడేంత ఉంటుంది. కార్తీకకు ఎన్నిక, జట్టు, గది అన్నీ మాయమైపోయాయి. వాడి పిడికిలి విప్పి వక్కను లాగి, వాడికి అందని చోటు కోసం చూసింది. ఎదురుగా జయంతి చెయ్యి చాపి ఉంది. కార్తీక దాన్ని అందులో పెట్టేసింది.

"సంతోషం కార్తీకా. వస్తా" అంది జయంతి.

ఆమె వెళ్లాక కార్తీక తలుపు వేసి ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే పుష్పవల్లికి సంగతంతా చెప్పింది.

"నేను పళ్లెం మాత్రమే కదమ్మా తెచ్చింది. చేతికి ఇచ్చింది నువ్వే."

"తెలుసత్తా."

"ఏడవకు. ఆ రోజుల్లో మా ఇంటాయన అనేవాడు. పోటీలో ఉండేవాడు తన ఇంటి తాంబూలం ఎదుటివాడికి ఇస్తే తప్పుకున్నట్టే లెక్క. కోదండరాం అట్ల ఇస్తాడా ఏంది? ఎవురి ఇంటిది వాళ్లు భద్రంగా పెట్టుకుంటారు."

కార్తీక ఏడుపు ఆపింది. "ఆయన ఇయ్యడు. జయంతక్క?"

మర్నాడు శనివారం. కార్తీక వెంకటపతి భార్య పాప్పాత్తి దగ్గరకు వెళ్లి, జయంతి ఇంటికి ఒకసారి వెళ్లిరమ్మని బతిమాలింది. పాప్పాత్తి గడప దాటి ఎక్కడికీ వెళ్లే మనిషి కాదు. అయినా వెంటనే చీర మార్చుకుంది.

"ఆయన గెలవాలని నాకు లేదనుకున్నావా? రిటైరైనప్పటినుంచి నా వంటిల్లును వర్క్‌షాపు చేసినాడు. డబ్బాలన్నిటికీ నంబర్లు రాసినాడు. చింతపండు యాడుందయ్యా అంటే మూడో ప్లాట్‌ఫారం అంటాడు. ఆయన పగలంతా సంఘంలో కూచుంటే నాకంతే చాలు."

దీపాల వేళకు వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు కొంగు ముడి చూపించి ఊరికే నవ్వింది.

ఆదివారం మండపం భోజనశాలలో జట్టంతా కూడింది. అందరిలోకీ పెద్దవాడైన ఒక తాత రెండు పళ్లాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కోదండరాం వక్కలు పోస్తే కుప్ప అయింది. వెంకటపతివి పోస్తే పళ్లెం మీది నెమలి బొమ్మ పూర్తిగా కనిపిస్తూనే ఉంది. తాత చెయ్యి ఎత్తబోతుండగా పాప్పాత్తి లేచి, ముడి విప్పి, ఒక్క వక్కను భర్త పళ్లెంలో వేసింది.

"ఇది ఎవురింటిదిమా?" అన్నాడు తాత.

"కోదండరాం ఇంటిది. జయంతే ఇచ్చింది, కుంకుమ పెట్టి."

కోదండరాం భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఇచ్చినావా?"

జయంతి కొంగు సర్దుకుంది. "ఇంటికొచ్చిన ముత్తైదువను వట్టి చేతులతో ఎట్ల పంపేది?"

ఆడవాళ్ల వరుసలో మొదట ఒకరు నవ్వారు. తర్వాత వరుసంతా నవ్వింది. "మేమూ అదే కదా అనుకున్నాం" అంది సునయన.

తాత రెండు పళ్లాలనూ తన దగ్గరకు లాక్కున్నాడు. "ఇది చెల్లదంటే ఆ కుప్పా చెల్లదు. ఆ కుప్ప చెల్లుతుందంటే కోదండరాం తప్పుకున్నట్టే. ఏదో ఒకటి తేల్చండి. నాకు షుగరు, టైముకి తినాల."

ఇద్దరు పోటీదారులూ చేతులు కడిగే చోటుకు వెళ్లి గుసగుసలాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి ఉంది. అధ్యక్షుడిగా కోదండరాం నిలబడతాడు, కార్యదర్శిగా వెంకటపతి. కార్యదర్శికి రోజంతా పని అని తెలిసి పాప్పాత్తి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వడ్డనకు ఆకులు వేయడం మొదలైంది.

కార్తీక ఒక్కతే నిలబడి ఉంది. "మామా, గది?"

"ఆ, గది" అన్నాడు వెంకటపతి, చూపు తిప్పుకుంటూ. "అప్పురం చూద్దాంమా. ఫస్టు అందరం ఒకటి కావాల కదా."

కార్తీక వేసిన ఆకు ముందు కూర్చోలేదు. ఇన్ని గుమ్మాలు తొక్కింది, ఇందరి దగ్గర చెడ్డదైంది, చివరికి గది 'తర్వాత' అనే ఆ అప్పురంలోకి పోయింది. పుష్పవల్లి మోకాళ్ల మీద చేతులు ఆనించి, నొప్పికి ముఖం చిట్లించి లేచింది.

"జయంతీ, నా ఇంటి వక్క ఆ కుప్పలోనే ఉండాది. బిడ్డ బాగుండాడా అని అడిగి తీసుకున్నావు. బిడ్డ బాగుండాలంటే యాడుండాలో కూడా ఈడనే చెప్పిపో."

జయంతి తల దించుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. ఆ కుప్పలోని ప్రతి వక్కా వాళ్లలో ఎవరో ఒకరు కుంకుమతో పాటు ఇచ్చిందే. ఆమె తల ఎత్తి భర్తతో అంది, "గది పిల్లలకే. పెండ్లికొడుకులు కింద ఫ్యాను కింద పడుకోనీ. ఒక్క రాత్రికి ఎవురూ కరిగిపోరు."

కోదండరాం కుప్పను చూశాడు. దాన్ని సంపాదించింది తాను కాదని ఆయనకు తెలుసు. "సరి" అన్నాడు. "కానీ కార్తీక నాకోసం తిరగాల. కొత్త జట్టోళ్లు ఈసారి గట్టిగా ఉండారు."

ఆ సాయంత్రమే కార్తీక, జయంతి కలిసి బయల్దేరారు. మొదటి గుమ్మం సునయనది.

"ఏందమ్మా, పోయిన వారం ఈయన మండపానికి తాళం ఏస్తాడంటివే?"

జయంతి కార్తీక వైపు తిరిగింది. కార్తీక కేశవ్‌ను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"అది పాత రిజల్టు అక్కా. మళ్లీ టెస్టు చేసినాం."

"ఓహో. ఈ రిజల్టన్నా నిలుస్తుందా?" అని సునయన నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. "నా మనవరాలికి కూడా ఆడ చోటుంటుందా?"

"ఉంటుంది. అన్న గెలిస్తే ఉంటుంది" అంది కార్తీక. ఆ మాట తన నోట రాగానే ఆమెకు సంగతి తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ ఈయన ఓడిపోవాలని కోరుకుంది. ఇప్పుడు ఈయన గెలవకపోతే గదీ లేదు, ఏమీ లేదు.

వీధి మలుపులో కోదండరాం నలుగురిని పోగేసి మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో రెండుసార్లు దగ్గాడు. కార్తీక కేశవ్‌ను జయంతి చేతుల్లో పెట్టేసి గుంపును తోసుకుంటూ ముందుకు పోయింది.

"అన్నా, ఆ దగ్గు ఎప్పట్నించి ఉండాది? వేడినీళ్లు తాగతా ఉండారా, లేదా?"